పదకొండు స్టూళ్ళు

సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఖాళీ సంచీ భుజాన వేసుకుని ఆసుపత్రి బట్టల గదిలో అడుగుపెట్టిన అడుగులమ్మాయికి, గదిలో ఏదో తేడా ఉందని గుమ్మంలోనే అనిపించింది. ఏమిటో మాత్రం వెంటనే తెలియలేదు. ఇస్త్రీ రోలరు ఎప్పటిలాగే మూలుగుతోంది. ఆరబెట్టే యంత్రాల వేడీ సబ్బు వాసనా కలిసి ముఖానికి కొట్టాయి. పొడవాటి బల్లలకి అటూ ఇటూ నీలం కోట్లు వేసుకున్న పదకొండు మంది ఆడవాళ్ళు గాయాలకి కట్టే దూదిగుడ్డ కత్తిరిస్తున్నారు, మడుస్తున్నారు, కట్టలు కడుతున్నారు. అందరూ నిలబడే ఉన్నారు. అప్పుడు చూసిందామె. బల్లల కింద నేల బోసిగా ఉంది. స్టూలన్నది ఒక్కటీ లేదు.

ఆమె డాక్టరూ కాదు, నర్సూ కాదు. ప్రజారోగ్య సంస్థలో పరిశోధకురాలు. మనుషులు రోజులో ఎంతసేపు కదులుతారో, ఎంతసేపు కూర్చుంటారో కొలవడం, కదలికను పెంచే మార్గాలు చెప్పడం ఆమె పని. మూడు నెలల కిందట మొదటిసారి వచ్చి, అగ్గిపెట్టెంత పరికరం ఉన్న పట్టీలు అందరి నడుములకీ కట్టి, "ఇది మీ అడుగులు లెక్కపెడుతుందండీ" అని చెప్పినప్పుడు, ఈ గదిలో నోరున్న మనిషి, అందరూ రేడియో అని పిలిచే ఆవిడ, "మా అడుగులకి కూడా లెక్కుందన్నమాట" అంది. ఆ రోజు నుంచి ఆమె ఇక్కడ అడుగులమ్మాయి అయిపోయింది.

ఎదుటి గోడ మీద ఆమె గీసిన బొమ్మే ఉంది. ఆమె ఇచ్చినప్పుడు అది నోటుపుస్తకం కాగితమంత. ఇప్పుడు తలుపంత పెద్దదై, అద్దం బిగించుకుని వేలాడుతోంది. కుర్చీ మీద అడ్డంగా ఎర్రగీత. కింద ఆమె మాటలే: ఎక్కువసేపు కూర్చోవడం ఆరోగ్యానికి హాని. లేవండి. కదలండి.

"చూశారా మేడమ్!" సూపర్‌వైజరు తన గాజు గదిలోంచి చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. "మీరు చెప్పింది తు.చ. తప్పకుండా చేశాం."

"స్టూళ్ళేవండీ?"

"బయట రోగులు వేచి ఉండే హాల్లో వేయించాను. అక్కడ జనానికి కుర్చీలు చాలడం లేదు. ఇక్కడ ఆరోగ్యమూ అయింది, అక్కడ సౌకర్యమూ అయింది."

"ఎప్పుడు తీసేశారు?"

"మీ రిపోర్టు వచ్చిన వారానికే. రెండు నెలలు దాటింది."

"నేను మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వేయమన్నానండీ. స్టూళ్ళు తీసేయమని..."

"అదే కదండీ!" అతను నిజంగానే సంతోషంగా ఉన్నాడు. "అసలు కూర్చోకపోతే, మధ్యలో లేవాల్సిన పనే లేదు కదా."

ఆమె భుజం మీది సంచీ దించింది. కిందటి వారమంతా జ్వరంతో పడుకుంది. రెండో విడత పట్టీలు ఆమె బదులు అతనే కట్టించాడు. ఇవాళ వాటిని విప్పి తీసుకుని, ఒక్కొక్కరి చేత అయిదు ప్రశ్నల కాగితం నింపించుకుని పోవాలి. అంతే పని.

మూల బల్ల దగ్గర నిలబడి ఒక్కొక్కరినే పిలిచింది. పని చేసే చోట మార్పు ఎలా ఉంది? చాలా బాగుంది. ఒంట్లో ఎలా ఉంది? చాలా బాగుంది. అలసట ఏమైనా? లేదు. గాజు గదిలో సూపర్‌వైజరు ఫోను చూసుకుంటున్నాడు గాని, తలుపు తెరిచే ఉంచాడు. జవాబు చెప్పే ప్రతి మనిషీ ముందు ఆ తలుపు వైపు చూసి, తర్వాత కాగితం వైపు చూసింది.

చివర పెద్దక్క వచ్చింది. అందరికంటే పెద్దది, అందరికంటే తక్కువ మాట్లాడేది. పట్టీ విప్పి ఇస్తూ, "నువ్వు ఎలా రాసుకుంటే అలాగే అమ్మా" అంది.

"మీకేమనిపిస్తే అది చెప్పండి పెద్దక్కా."

"చాలా బాగుందని రాసుకో. అందరూ అదే కదా చెప్పారు."

రాసుకుంది. రాస్తూనే పెద్దక్క వెనక్కి నడిచి వెళ్ళడం చూసింది. ఎడమ పాదం నేలకి పూర్తిగా ఆనించడం లేదు. బల్ల దగ్గరికి చేరగానే తుంటిని బల్ల అంచుకి ఆనించి, కుడి పాదం కింది అరమీద పెట్టింది. కాసేపటికి పాదం మార్చింది. పక్కనున్నవాళ్ళూ అంతే. ఒకరు మోచేతుల మీద వంగి మడుస్తున్నారు. ఇంకొకరు చెప్పులు విప్పేసి చల్లటి నేలమీద వట్టి కాళ్ళతో నిలబడ్డారు. చేతులు మాత్రం ఆగడం లేదు. దూదిగుడ్డ పరచడం, కత్తి జరపడం, ఎనిమిది మడతలు వేయడం, పది చొప్పున కట్టి, క్రిములు చంపే ఆవిరి డ్రమ్ములో నిలువుగా పేర్చడం.

వెళ్ళబోతూ చేతులు కడుక్కుందామని పక్కనున్న మరుగుదొడ్డిలోకి వెళ్ళింది. లోపల గోడవారగా ఒక బకెట్టు బోర్లించి ఉంది. దానిమీద నాలుగు మడతలు పెట్టిన పాత దుప్పటి. మధ్యలో నొక్కుకుని గుంటపడి ఉంది. ఎందుకో దానిమీద చెయ్యి పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది.

తలుపు తీసేసరికి ఎదురుగా రేడియో. ఆమె చూపు అడుగులమ్మాయి భుజం మీదుగా బకెట్టు దాకా వెళ్ళి వచ్చింది.

"కడుపులో బాగోలేదమ్మా" అంది రేడియో. ఎప్పుడూ ఒక మాటకి పది మాటలు చెప్పే మనిషి, అంతటితో లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

మంగళవారం మధ్యాహ్నం ప్రొఫెసర్‌గారి గదిలో పరికరాల లెక్కలు తెరమీద పెట్టింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, కుర్చీ ముందుకి జరుపుకుని చూశారు.

"మొదటి విడతలో రోజుకి మూడు వందల పది నిమిషాలు కూర్చున్నారు. ఇప్పుడు?"

"నలభై ఎనిమిది సార్."

ఆయన రెండోసారి అడిగి ఖాయం చేసుకున్నారు. పాతికేళ్ళుగా జనాన్ని కదలమని చెబుతున్న మనిషి ఆయన. ఎన్ని సభలు పెట్టినా, ఎన్ని కరపత్రాలు పంచినా పది నిమిషాల తేడా వస్తే గొప్ప. ఆయన ముఖంలో వెలుగు చూసి ఆమెకి జాలేసింది. తర్వాత తనమీదే జాలేసింది.

"శుక్రవారం ఎనిమిది ఆసుపత్రుల సూపరింటెండెంట్లు వస్తున్నారు. ఇది చూపించాక వాళ్ళ ఆసుపత్రుల్లోనూ పెట్టడానికి ఎవరూ కాదనరు. నువ్వే మాట్లాడు. నీ ఉద్యోగం పొడిగింపు కూడా దీంతోనే తేలిపోతుంది."

"సార్, స్టూళ్ళు తీసేశారు. అందుకే తగ్గింది."

"తీసేస్తేనే కదా తగ్గేది? మనుషుల అలవాటు మార్చడం కష్టం, గది మార్చడం తేలిక. నీ థీసిస్‌లో నువ్వే రాశావు. నాకు నచ్చి గీత గీసుకున్న వాక్యం అది."

రాసింది. ఆ వాక్యం రాసిన రోజు ఎంత మురిసిపోయిందో కూడా గుర్తుంది.

ఆయన నిమిషం నిమిషం గీతలున్న పేజీ తెరిచారు. పదకొండు గీతలు ఒకదాని కింద ఒకటి, సన్నగా వణుకుతూ సాగుతున్నాయి. "ఇదేమిటి?" వేలు ఒకచోట ఆగింది. "ఇక్కడ ఏడు నిమిషాలు కదలిక లేదు. కింది గీతలో దాని తర్వాత ఏడు నిమిషాలు. దాని కిందా అంతే. ఒకరి తర్వాత ఒకరు, వరస తప్పకుండా. ఏదో ఏర్పాటు చేసుకున్నట్టుంది."

ఆమె గీతల వైపు చూసింది. బోర్లించిన బకెట్టు పదకొండు మందిని వంతులవారీగా మోస్తోంది. ఒకరు లోపల ఉంటే మిగతా పదిమంది ఆ ఒకరి కట్టలు కూడా కడుతున్నారు. గంటకో మనిషి కాదు, ఏడు నిమిషాలకో మనిషి. ఎవరూ ఎనిమిదో నిమిషం తీసుకోలేదు.

"అదేమిటో కనుక్కో. అది కూడా తీసేయగలిగితే అంకె ఇంకా దిగుతుంది" అన్నారాయన, చెడ్డ ఉద్దేశం ఏమీ లేకుండా.

"కనుక్కుంటాను సార్" అంది.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. ముందుగది అంతా అమ్మ పనే. గోడకి తగిలించిన జాకెట్లు, నేలమీద రంగు ముక్కలు, కిటికీ పక్కన ఆ మిషను. కూతురు రోజూ రాగానే అనే మొదటి మాట, "లేచావా మధ్యలో?" అని. ఇవాళ ఆ మాట అనకుండా సంచీ కింద పెట్టి, గోడకి ఆనుకుని కూర్చుంది.

"ఏమైందే? అడగలేదేం?" అంది అమ్మ, సూది కింద గుడ్డ తిప్పుతూ.

చెప్పింది. స్టూళ్ళ సంగతి, తలుపంత బొమ్మ సంగతి, బకెట్టు సంగతి. అమ్మ మిషను ఆపలేదు గాని, నెమ్మది చేసింది.

"నువ్వు నన్నూ లేవమంటావు. నేనూ లేస్తాను, తిట్టుకుంటూ లేస్తాను. ఎందుకు లేస్తానో తెలుసా? మళ్ళీ వచ్చి కూర్చునే కుర్చీ నాది కాబట్టి" అంది. దారం కొరికి తెంపి, "వాళ్ళని అడిగావా ముందు?" అంది.

"ప్రశ్నలు అడిగానమ్మా. పట్టీలు కట్టాను."

"కొలత తీసుకున్నావు. అది నేనూ తీసుకుంటాను. కొలత తీసుకుని, ఎలా కావాలో అడక్కుండా కుట్టేస్తే, జాకెట్టు తెచ్చి నా ముఖానే కొడతారు."

బుధవారం ఎనిమిదింటికి ఆమె బట్టల గదికి వచ్చి, సూపర్‌వైజరుతో పని దగ్గరగా చూడాలని చెప్పి నీలం కోటు అడిగింది. "మీరు నిలబడలేరు మేడమ్" అని నవ్వి ఇచ్చాడు. బట్టలు మార్చుకునే గదిలో పదకొండు మందినీ కాళ్ళు కొలవనిమ్మని అడిగింది. ఎందుకో చెప్పింది, ఇష్టం లేకపోతే వద్దని కూడా చెప్పింది. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పెద్దక్క ముందుగా మేజోడు కిందికి తీసింది. చీలమండ పైన టేపు చుట్టి, పేరు రాయకుండా ఒకటి, రెండు, మూడు అని వేసుకుంది అడుగులమ్మాయి. పన్నెండో అంకె తనది.

రేడియో పక్కన చోటిచ్చారు. మడత మొదటి అరగంటలోనే పట్టుబడింది. వేళ్ళకి పని తెలిసిపోయాక మిగతా ఒళ్ళు గుర్తు రావడం మొదలుపెట్టింది. తొమ్మిదిన్నరకి మడమలు. పదిన్నరకి నడుం కింద ఒక చోట, నాణెమంత మేర, ఎవరో వేలుపెట్టి నొక్కుతున్నట్టు. పదకొండుకి తనకి తెలియకుండానే తుంటి బల్లకి ఆనింది, పాదం కింది అర వెతుక్కుంది. నడవడం వేరు. ఆమె రోజూ పొద్దున గంటసేపు నడుస్తుంది, కొండలెక్కింది, పరుగుపందేల్లో పాల్గొంది. ఇది నడక కాదు. కాళ్ళు ఎక్కడికీ పోవడం లేదు. అక్కడే పాతేసినట్టు ఉన్నాయి.

"మీ పెట్టె అన్నీ చెబుతుందట కదా" అంది రేడియో చేతివైపు చూస్తూనే, గొంతు తగ్గించి. "మేం స్టూలు మీద కూర్చుని రోజుకి రెండు వేల కట్టలు కట్టేవాళ్ళం. అది చెప్పిందా?"

"లేదక్కా. అది నడుముకి ఉంటుంది. చేతులు దానికి కనబడవు."

"అంటే చేతులు ఆడుతున్నా దాని లెక్కలో మేం ఊరికే కూర్చున్నట్టే."

"దాని లెక్కలో అంతే."

"మంచి పెట్టె తెచ్చావమ్మా. మా సూపర్‌వైజరుకి తమ్ముడిలా ఉంది."

అవతలి బల్లవాళ్ళు నవ్వు ఆపుకున్నారు. అడుగులమ్మాయికి నవ్వు రాలేదు. చదువులో ఆ సంగతి ఆమెకి తెలుసు. నడుముకి కట్టే పరికరం చేతి పనిని పట్టుకోలేదని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. తెలిసి ఉండీ, రిపోర్టులో మూడు వందల పది నిమిషాలకి ఎర్రరంగు వేసింది.

నాలుగింటికి మళ్ళీ బట్టలు మార్చుకునే గది. అక్కడ కూర్చునే బల్ల ఒకటే, నలుగురు పట్టేది. ముగ్గురు ముసలివాళ్ళు, వాళ్ళ పక్కన అడుగులమ్మాయి కూర్చున్నారు. ఆమెని లేవనివ్వలేదు. టేపు చుడితే పొద్దుటికీ ఇప్పటికీ ఎవరికీ సెంటీమీటరుకి తక్కువ తేడా లేదు. పెద్దక్కకి రెండు. మేజోడు దించితే దాని అంచు చర్మంలో గాడిలా దిగిపోయి ఉంది. దాని పైన నీలం నరాలు ముడులు ముడులుగా లేచాయి. ఒక ముడి మీద చర్మం పలచబడి మెరుస్తోంది.

"ఇది డాక్టరుకి చూపించారా?"

"ఆసుపత్రిలోనే పని చేస్తున్నాం కదా, ఎప్పుడైనా చూపించచ్చని ఊరుకున్నాను" అంది పెద్దక్క. వెటకారం లేకుండా అంది.

అడుగులమ్మాయి టేపు చుట్టుకుంటూ, "శుక్రవారం పెద్దవాళ్ళందరూ వస్తున్నారు. అందరి ముందూ చెబుతాను. మీరు పడుతున్న బాధంతా, ఆ బకెట్టుతో సహా, చెబుతాను" అంది.

కోటు గుండీలు విప్పుతున్న చేతులు ఆగాయి.

"చెప్పకు" అంది పెద్దక్క.

"ఎందుకని?"

"చెప్పి నువ్వు ఇంటికి పోతావు. సోమవారం ఎవరు మాట్లాడారు, బుధవారం ఎవరు కాలు చూపించారు అని శనివారం మమ్మల్ని అడుగుతారు. కిందటేడు వేడి ఎక్కువగా ఉంది, ఫ్యాను వేయించండని ఒకావిడ అడిగింది. ఆవిడిప్పుడు ఇక్కడ లేదు. ఫ్యానూ లేదు."

"అయితే ఏం చేయమంటారు?"

పెద్దక్క మేజోడు పైకి లాక్కుంటూ ఆలోచించింది. "మేం స్టూలు అడిగితే బద్ధకం. అదే నువ్వు రాస్తే ఆరోగ్యం. నీ కాగితమే కదా స్టూళ్ళు పట్టుకుపోయింది. మళ్ళీ నీ కాగితమే తేవాలి. మా మాట అందులో రాకూడదు. మేమేదో ఏడిస్తే నువ్వు జాలిపడ్డావని అసలే రాకూడదు."

"అలా రాయాలంటే... నేనిచ్చిన సలహా తప్పని రాయాలి పెద్దక్కా."

"తప్పు కాదా మరి?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది. అడుగులమ్మాయి నేలకేసి చూసి, "తప్పే" అంది.

బయటికి వెళ్తుంటే రేడియో గుమ్మం దాకా వచ్చింది. "ఆ... మరుగుదొడ్డి సంగతి నీ పెట్టెకి తెలిసిందా?"

"తెలిసింది."

"ఇంకెవరికి?"

"గీతలు ఇంకొకాయన చూశారు. అదేమిటో ఆయనకి తెలియదు. తెలియనివ్వను."

గురువారం పొద్దున ఆఫీసు అరలోంచి, మూడు నెలల కిందట ఆ పదకొండు మందీ సంతకాలు పెట్టిన ఒప్పుకోలు కాగితాలు తీసింది. తానే తయారుచేసింది. పాత నమూనా ఒకటి ముందు పెట్టుకుని, ఆలోచించకుండా దింపిన వాక్యాలు అందులో చాలా ఉన్నాయి. నాలుగో వాక్యం దగ్గర ఆగింది: రోజు మొత్తం లెక్క మాత్రమే వాడతాము, ఏ సమయంలో ఏం చేశారన్న వివరం పరికరాలు చూసే మనిషి తప్ప మరెవరూ చూడరు. కింద సంతకాలు. కొందరివి గుండ్రంగా, కొందరివి బడిపిల్లల అక్షరాల్లా. పెద్దక్కది వేలిముద్ర.

ఆ కాగితం పట్టుకుని ప్రొఫెసర్‌గారి గదిలోకి వెళ్ళింది.

"మొన్న మీకు చూపించకూడనిది చూపించాను సార్. ఆ నిమిషాల పేజీ తీసేశాను. ఆ గుంటలేమిటన్నది కూడా నేను చెప్పకూడదు."

ఆయన నాలుగో వాక్యం చదివి, కళ్ళజోడు దించి, ఇంకోసారి చదివారు. "సరే. నియమం నియమమే" అన్నారు. తర్వాత ఆమె రెండో కాగితం ఇచ్చింది. శుక్రవారం చదవబోయేది. ఒక పేజీ. ఆయన చదువుతున్నంతసేపూ ఆమె నిలబడే ఉంది. కూర్చోమని ఆయన అనలేదు, ఆమెకీ కూర్చోవాలనిపించలేదు.

"ఇది చదివితే ఎనిమిది ఆసుపత్రులూ పోతాయి. నీ పొడిగింపు సంగతి నేను చెప్పలేను" అన్నారు చివరికి.

"తెలుసు సార్."

"ఇంకోలా రాయచ్చు కదా. మొదటి దశ విజయం, రెండో దశలో కొన్ని సవరణలు అని."

"అలా రాస్తే ఎనిమిది చోట్లా మొదటి దశ చేస్తారు సార్. రెండో దశ దాకా ఎవరూ రారు."

ఆయన కాగితం బల్లమీద పెట్టి, అరచేత్తో చదును చేశారు. మడతలేమీ లేని కాగితాన్ని చాలాసేపు చదును చేశారు. "నా సర్వీసులో ఇలాంటివి రాయాల్సినవి రెండున్నాయి. రాయలేదు" అన్నారు. కాగితం తిరిగి ఇచ్చేశారు.

శుక్రవారం సమావేశం గదిలో పొడవాటి బల్ల చుట్టూ పదిహేను మంది దాకా ఉన్నారు. బట్టల గది ఉన్న ఆసుపత్రి సూపరింటెండెంటు అందరికంటే ముందు వచ్చి, తన ఆసుపత్రి పేరు తెరమీద చూసుకుని సంతోషంగా కూర్చున్నాడు. అడుగులమ్మాయి లేచి, మూడు వందల పది, నలభై ఎనిమిది అని రెండంకెలు చెప్పింది. ఒకరిద్దరు బల్లమీద మెల్లగా చరిచారు.

"ఇది మంచి ఫలితం కాదండీ" అంది.

కాగితం చూసి చదివింది. తన పరికరం కూర్చుని చేసే పనిని, ఊరికే కూర్చోవడాన్ని వేరు చేయలేదని తెలిసీ, ఆ తేడా రిపోర్టులో రాయలేదు. మధ్యలో లేవమని చెప్పింది గాని, మళ్ళీ కూర్చోవాలని రాయలేదు. కుర్చీ మీద ఎర్రగీత వేసిన బొమ్మ చూసిన ఎవరైనా కుర్చీ తీసేయాలనే అనుకుంటారు. అలా అనుకున్నవాళ్ళ తప్పు లేదు. తానూ ఒక రోజు అక్కడ నిలబడి, తన చీలమండలు కొలుచుకుంది. పొద్దుటికీ సాయంత్రానికీ సెంటీమీటరు పైన తేడా వచ్చింది. ఎనిమిది గంటలు ఒకేచోట నిలబెడితే కాళ్ళ నరాలు చెడతాయి, నడుం చెడుతుంది. కాబట్టి నిలబడి చేసే ప్రతి బల్లకీ మనిషికో స్టూలు ఉండాలి. గంటలో సగానికి తగ్గకుండా కూర్చోవాలి, మధ్యలో లేవాలి. ఇది సౌకర్యం కాదు, ఆరోగ్య సూచన. పాత సూచన రద్దు.

ఒక సూపరింటెండెంటు, "అంటే మూడు నెలల కిందట లేవమన్నారు, ఇప్పుడు కూర్చోమంటున్నారు. ఒక మాట మీద ఉండండమ్మా" అన్నాడు. బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. ఆమె చెవులు వేడెక్కాయి.

"లేవడానికీ కూర్చోవడానికీ రెంటికీ వీలుండాలని చెబుతున్నానండీ. ముందే అలా చెప్పాల్సింది."

స్టూళ్ళు తీయించిన ఆసుపత్రి సూపరింటెండెంటు నవ్వలేదు. ముందుకి వంగి, "మా వాళ్ళెవరైనా మీతో ఫిర్యాదు చేశారా?" అని అడిగాడు. గొంతు మామూలుగానే ఉంది, కళ్ళు మాత్రం మామూలుగా లేవు.

ఆమె సంచీలోంచి పదకొండు కాగితాలు తీసి అతని ముందుకి జరిపింది. "ఒక్కరూ చేయలేదండీ. అందరూ చాలా బాగుందనే రాయించారు. చూడండి. తప్పు చేసింది నేను. కనిపెట్టింది కూడా నేనే."

అతను నాలుగైదు కాగితాలు తిరగేసి, వెనక్కి ఆనుకున్నాడు. ప్రొఫెసర్‌గారు గొంతు సవరించుకుని, సంస్థ తరఫున ఈ సూచన రాతపూర్వకంగా సోమవారం అందరికీ పంపుతామని, ఎనిమిది ఆసుపత్రుల కార్యక్రమం ప్రస్తుతానికి ఆపుతున్నామని చెప్పారు. ఆ మాటలు చెబుతున్నప్పుడు ఆయన ఆమె వైపు చూడలేదు. కాని చెప్పింది ఆయనే.

సోమవారం రెండు కాగితాలు వెళ్ళాయి. ఒకటి ఆసుపత్రులకి. రెండోది ఆమె బల్లమీదికి. రెండేళ్ళు అడిగిన చోట మూడు నెలలు పొడిగించారు. అమ్మకి చూపిస్తే, చదివి, "మూడు నెలల్లో చాలా కుట్టచ్చు" అని తిరిగి ఇచ్చింది.

మరుసటి సోమవారం, పాత బొమ్మ తీసేసి కొత్త సూచన అతికించడానికి ఆమె బట్టల గదికి వెళ్ళింది. స్టూళ్ళు వచ్చాయి. పదకొండు కాదు, ఏడు. మిగతా నాలుగూ బయటి హాల్లోనే ఉండిపోయాయట, వాటికి రోగులు అలవాటు పడ్డారట. ఏడింటి మీద ఏడుగురు కూర్చుని ఉన్నారు. నలుగురు నిలబడ్డారు. ఆమె మేకులు పీకుతూ ఉండగానే, ఎవరూ ఎవరితోనూ అనకుండా, పెద్దక్క లేచింది, పక్కన నిలబడ్డ ఆవిడ కూర్చుంది. పని ఆగలేదు.

సూపర్‌వైజరు గాజు గదిలోంచి బయటికి వచ్చాడు. రెండు చేతులూ నడుంమీద పెట్టుకుని, గదంతా వినబడేలా, "విన్నారా? మన అడుగులమ్మాయిగారికి లెక్క తప్పిందట! నెలల తరబడి మిమ్మల్ని నిలబెట్టింది, ఇప్పుడు కూర్చోబెడుతోంది. చదువుకున్నవాళ్ళ పని ఇలాగే ఉంటుంది!" అన్నాడు.

ముందు రేడియో నవ్వింది. పకపకా, తల వెనక్కి వేసి. తర్వాత పక్కావిడ. తర్వాత బల్లల రెండు వైపులా అందరూ నవ్వారు. దూదిగుడ్డ కత్తిరించే ఆవిడ కత్తి పక్కన పెట్టి మరీ నవ్వింది.

"పోనీలెండి" అంది పెద్దక్క, నవ్వు మధ్యలోంచి, అతనికి వినబడేలా. "చిన్నపిల్ల. తెలియక రాసింది."

అడుగులమ్మాయి చేతిలోని మేకుల్ని సంచీలో వేసి అతని వైపు తిరిగింది.

"అవునండీ, నాదే పొరపాటు. మీరేం అనుకోకండి" అంది.

"ఫరవాలేదు, ఫరవాలేదు" అన్నాడతను తృప్తిగా. "ఇక మీదట జాగ్రత్తగా రాయండి." లోపలికి వెళ్ళి, తలుపు తెరిచే ఉంచి కూర్చున్నాడు.

నవ్వులు ఎలా లేచాయో అలాగే ఆగిపోయాయి. రోలరు చప్పుడు మళ్ళీ వినబడింది. ఎనిమిది మడతలు, పది చొప్పున కట్టలు, డ్రమ్ములో నిలువుగా. ఆమె కొత్త కాగితం నాలుగు మూలలూ నొక్కి అతికించి, సంచీ తీసుకుని బల్లల మధ్య నుంచి గుమ్మం వైపు నడిచింది. పదకొండు మందిలో ఒక్కరూ ఆమె వైపు తల ఎత్తి చూడలేదు. చూడకూడదని అందరికీ తెలుసు. ఆమెకి కూడా తెలుసు.